చెప్పుల కాపలా

మా చర్చిలో ప్రభువు బల్ల నాడు ద్రాక్షరసం తాగే సంస్కారపు గిన్నె ఒక్కటే. వెండిది, మా తాత చేయించింది. పట్నం చర్చిల్లో మనిషికొక చిన్న గ్లాసు వచ్చి చాలా ఏళ్లయింది గానీ, మా ఊళ్లో ఇప్పటికీ అందరం ఆ ఒక్క గిన్నెకే పెదవి ఆనిస్తాం. మొదట మా ఇల్లు, తర్వాత పేట. ఈ వరస ఎవరూ రాసిపెట్టింది కాదు. ముందు బెంచీ మాది గనుక ముందు వెళ్లి మోకరించేదీ మేమే అని నాకు నేను చెప్పుకునేవాణ్ని.

కుందూ ఒడ్డున మా తాతకు నల్లరేగడి ఉండేది. ఎంత ఉండేదో చెప్పను. ఇప్పుడు చెబితే వినేవాళ్లు జాలిపడతారు, అది నాకు పడదు. మిషను ఆసుపత్రిలో ప్రాణం నిలిచాక ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. దాయాదులు ఒక్కరూ ఆయన వెంట రాలేదు. అప్పటికే పేటలో సగం ఇళ్లు క్రైస్తవులవి. బోదపాకలో ప్రార్థన చేసుకునే వాళ్లకు ఆయన స్థలమిచ్చి రాతిగోడలు కట్టించాడు. ఆ రేగడి మా నాన్న కాలంలో కొంత, నా కాలంలో తక్కింది పోయింది. మిద్దె వెనక సగం కూలింది. నాకు మిగిలినవి ముందు బెంచీ, చర్చి తాళంచెవి, సంఘ పెద్ద అనే మాట. ఈ మూడింటినీ జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాను.

నేను చెప్పబోయే మనిషి నాకంటే మూడేళ్లు పెద్ద. పేటలో వాళ్లది తప్పెట కొట్టే ఇల్లు. మా ఇంట్లో పెళ్లికైనా చావుకైనా వాళ్ల తప్పెటే మోగాలి. ఊరమ్మ దేవర, అంటే అమ్మవారి జాతర, ఏడెనిమిదేళ్లకొకసారి వచ్చేది. అమ్మవారి ముందు మొదట ఏ ఇంటి తప్పెట నడుస్తుందో ఆ ఇంటికే ఊళ్లో మొదటి మర్యాద. మా తాత క్రైస్తవుడయ్యాక మా ఇంటివాళ్లు దేవరకు పోవడం మానేశారు. కానీ వాళ్లు కొట్టే మా ఇంటి తప్పెట మాత్రం పోతూనే ఉంది, ముందే నడుస్తూ ఉంది. తాత చూసీ చూడనట్టు ఉండేవాడు, నాన్నా అంతే. ఆ తప్పెట పట్టిన పెద్దాయన బాప్తిస్మం తీసుకోనివాడు గనుక సంఘానికీ చిక్కు రాలేదు.

కొడుకు, నేను చెప్పబోయే ఆ మనిషి, తీసుకున్నాడు. తప్పెట అటక మీద పెట్టేశాడు. తండ్రి పోయిన తర్వాత మొదటి దేవర వచ్చింది. విగ్రహం ముందు తప్పెట కొట్టినవాణ్ని సంస్కారపు బల్ల నుంచి నిలిపెయ్యాలని మా సంఘంలో కట్టుబాటు. మళ్లీ రావాలంటే అందరి ముందు నిలబడి తప్పయిందని చెప్పాలి.

దేవరకు ముందురోజు మా దాయాది చిన్నాన్న కొడుకు వచ్చాడు. అతను హిందువు, అప్పట్లో ఊరికి పెద్ద.

"అన్నా, మీ తప్పెట రాకుంటే రాదని సెప్పు. ఎగువింటోళ్లది ముందుకొస్తాది. మాకేం పోయేది ల్యా."

నా ముఖంలోకి చూసి నవ్వి వెళ్లిపోయాడు. నాకు కావలసినంత మంట పెట్టిపోయాడు.

మర్నాడు పొద్దున తప్పెట ఇంటి మనిషి మా మెట్ల కింద నిలబడి ఉన్నాడు. చేతిలో ఏమీ లేదు.

"ఏం జేయమంటావప్పా? పోతే సంఘం ఊరుకోదు. పోకుంటే ఊరు ఊరుకోదు."

ఇద్దరు యజమానులకు ఒకడు దాసుడుగా ఉండలేడని ఆదివారం బడిలో పిల్లలకు నేర్పేవాణ్ని నేనే. ఆ మాట నోటిదాకా రాలేదు. మాతో పోటీపడే ఎగువింటివాళ్ల తప్పెట ముందు నడుస్తుంటే మా వాకిలి ఎలా ఉంటుందన్నదే కళ్లముందు ఉంది.

"పోయిరా పోరా. సంఘంలో నేనుండా గదా" అన్నాను.

"నువ్వుండావనే పోతాండా" అన్నాడు.

ఆ రోజు మా ఇంటి తప్పెట ముందు నడిచింది. లోపల తలుపు వేసుకుని బైబిలు ముందు పెట్టుకుని కూర్చున్నాను. చప్పుడు మా వాకిట్లో కాసేపు నిలిచి, ముందుకు పోయింది. తృప్తిగా అనిపించిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వారం తిరగకముందే అప్పటి పాస్టరుగారికి ఎవరో చెప్పారు. ఆయన పెద్దలను పిలిచి అడిగారు. "కొట్టిన మాట నిజమే" అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. అంతకు మించి ఒక్క అక్షరం చెప్పనూ లేదు.

ఆదివారం ఆరాధనలో పేరు చదివింది కూడా నేనే, అది సంఘ పెద్ద పని. కాగితం మీద 'సహోదరుడు' అని రాసి, తర్వాత అతని పేరు ఉంది. అలాగే చదివాను. మాటలొచ్చినప్పటినుంచి అతణ్ని ఒరేయ్ అనే పిలిచాను. సహోదరుడని నా నోటితో మొదటిసారి అన్నది, బల్ల నుంచి తోసెయ్యడానికి.

పంపింది నేనేనని చెబుతాడనుకున్నాను. నా కాళ్లు రెండూ గట్టిగా నేలకు ఆనించి నిలబడ్డాను. అతను చెప్పలేదు. తప్పయిందనీ అనలేదు. తల వంచుకోకుండా చివరి చాప మీద అలాగే కూర్చున్నాడు.

అప్పటినుంచి పదిహేడేళ్లు. ప్రతి ఆదివారం వచ్చేవాడు. నెలలో సంస్కారం ఉన్న ఆదివారం మాత్రం, బల్లకు ముందు పాడే పాట అయ్యేదాకా ఉండి, లేచి బయటికి వెళ్లి, చెప్పులు విడిచే చోట నాపబండ మీద కూర్చునేవాడు. ఒకసారి ఎవరో కొత్తవాళ్లు అడిగారు, ఎందుకు బయట కూర్చున్నావని.

"చెప్పులకు కాపలా ఉండల్ల గదప్పా! మీరంతా పరలోకం దాకా పోయొచ్చేలోపల కుక్కలెత్తకపోతే, ఉత్తకాళ్లతో ఎట్ల పోతారు ఇండ్లకు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

బల్ల దగ్గరికి వచ్చే ముందు ఎవరికి వారు తమను పరీక్షించుకోవాలి, అయోగ్యంగా తాగేవాడు శిక్షనే తాగుతాడు అనే భాగాన్ని నెలనెలా చదివింది కూడా నేనే. నా చదువు స్పష్టంగా ఉంటుందని పేరు. చదివి, ముందుగా వెళ్లి మోకరించి, ముందుగా తాగేవాణ్ని.

కిందటేడు ఒక యువ పాస్టరుగారు మా సంఘానికి వచ్చారు. ఒక ఆదివారం కుష్ఠు బాగైన సిరియా సేనాధిపతి గురించి చెప్పారు. మాకు తెలిసిన కథే. ఏడుసార్లు నదిలో మునిగాడు, చర్మం పసిబిడ్డ చర్మమైంది. నేను చెప్పినా అక్కడితో ఆపేసేవాణ్ని. ఆయన ఆపలేదు. బాగుపడిన ఆ సేనాధిపతి ప్రవక్తను ఒక మాట అడిగాడు. ఇక నిజదేవుడికే మొక్కుతాను, కానీ నా రాజు నా చేయి ఆసరాగా పట్టుకుని తన దేవుడి గుడికి పోతాడు, అతనితోపాటు నేనూ వంగాలి, ఆ ఒక్కటి నాకు క్షమాపణ దొరుకుతుందా అని. ప్రవక్త కోప్పడలేదు. నెమ్మది కలిగి పోయిరమ్మన్నాడు.

పాస్టరుగారు ముందుకు వెళ్లిపోయారు. నాకు తక్కిన ప్రసంగం వినపడలేదు. ప్రవక్తా పోయిరమ్మన్నాడు, నేనూ పోయిరమ్మన్నాను. ప్రవక్త ఆ తర్వాత కాగితం తీసి పేరు చదవలేదు.

నీ అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి, ముందు నీ సహోదరుడి దగ్గరికి వెళ్లి సమాధానపడు అనే వాక్యం ఆ ఏడు కాలెండరులో మా గోడ మీదే వేలాడుతోంది. మా గడప నుంచి అతని గడపకు నాలుగు వందల అడుగులు ఉండవు. పేట మొదట్లో బోరింగు దాకా వెళ్లి, అక్కడ ఎవరినో ఏదో అడిగినట్టు నటించి వెనక్కి వచ్చేవాణ్ని. ఒకసారి కాదు. మా ఆవిడ చూసి, "నీళ్లు మోసేదేమన్నా మొదలుపెడతావా ఏంది?" అంది. ఇంతలో అతని గొంతు బొంగురుపోయింది. తర్వాత గొంతులో గడ్డ అన్నారు. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

అప్పుడు పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. అతని మీద కట్టుబాటు తీసేయాలని అడిగాను.

"ఏ కట్టుబాటు సార్?" అన్నారాయన. నేను చెప్పాను. ఆయన తెల్లబోయారు. "అవన్నీ ఎప్పుడో పోయాయి గదా సార్. ఎవరైనా రావచ్చు. ఆయన ఎందుకు బయటికి పోతాడో నాకు తెలీదు. చెప్పులు చూసుకోడానికి సంఘమే పెట్టిందేమో అనుకున్నా." మెల్లగా అడిగారు. "రావచ్చని ఆయనకెవరూ చెప్పలేదా సార్?"

చెప్పవలసిన పెద్దను నేనే.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. ఒక సహోదరుణ్ని నేనే దేవరకు పంపి, నేనే బల్ల నుంచి నిలిపానని చెప్పాను. వింటున్నవాళ్లలో సగంమంది అప్పటికి పసిపిల్లలు, లేదంటే పుట్టనే లేదు. తప్పెట కొడితే తప్పేమిటో వాళ్లకు తెలియదు. ఆరాధన అయ్యాక నా చుట్టూ మూగారు. "ఎంత తగ్గింపు మనసు సార్!" "ఆ ఇంట్లో పుట్టి ఇట్లా నిలబడడమంటే మాటలా!" అంటూ చేతులు పట్టుకున్నారు. ఒకమ్మాయి నా సాక్ష్యం సెల్లులో తీసి సంఘం గ్రూపులో పెట్టింది. సాయంత్రానికి దాని కింద వరసగా దండం బొమ్మలు. తప్పు ఒప్పుకోబోయి ఇంకొక మర్యాద ఇంటికి తెచ్చుకున్నాను. వద్దంటే అదీ తగ్గింపు కిందే పోతుంది.

మర్నాడు కర్నూలు బస్సెక్కాను. అతని గొంతు గడ్డకు కరెంటు, అంటే రేడియేషన్, పెడుతున్నారు. మెడ చుట్టూ చర్మం కమిలి నల్లబడింది. భార్య స్టూలు జరిపింది.

"కూసో అప్పా. శానా దూరం వచ్చినావు."

నేను మొదలుపెట్టబోయాను. ఆమె అందుకుంది.

"సూసినాంలేప్పా. మా కోడలు సెల్లులో సూపిచ్చింది. శానా బాగా మాట్లాడినావని అందురూ అంటాండారు."

అతను పెదవులు కదిపాడు. గొంతులోంచి గాలి తప్ప మాట రావడం లేదు. వంగి చెవి దగ్గర పెట్టాను.

"నా పేరు యాడుందప్పా దాంట్లో?"

"నిన్ను నలుగుర్లో పెట్టకూడదని..." అన్నాను.

"నిలిపేటప్పుడు పెట్టినావు గదప్పా నలుగుర్లో!" అంది భార్య. అరవలేదు. చెంచాతో అతని నోట్లో నీళ్లు పోస్తూ అంది. అతను నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. ఆ దగ్గు తగ్గేదాకా ఆమె వీపు రాసింది. అది చూస్తూ కూర్చోవడం తప్ప ఆ గదిలో నాకు పనేమీ లేదు.

తర్వాతి ఆదివారం మళ్లీ నిలబడి అతని పేరు చెప్పాను. తండ్రి పేరుతో సహా చెప్పాను. ఆ రోజు ఎవరూ సెల్లు ఎత్తలేదు, ఎవరూ చేయి పట్టుకోలేదు. ఈ కాగితం మీద ఆ పేరు రాయడం లేదు. రాయాలంటే వాళ్ల ఇంటివాళ్లను అడగాలి. అడిగే ముఖం లేదు.

ఆసుపత్రివాళ్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. అతను బల్ల కావాలని సైగ చేశాడని భార్య పాస్టరుగారికి కబురు పెట్టింది. ఒక మధ్యాహ్నం ఆయన మా తాత గిన్నె పట్టుకుని, నేను రొట్టె పళ్లెం పట్టుకుని వెళ్లాం. ఇన్నేళ్లలో ఆ ఇంటి వాకిలి దాకా వెళ్లాను గానీ లోపలికి ఎప్పుడూ పోలేదు. ద్వారబంధం పొట్టిది, నడుము వంచితే తప్ప పోలేం.

పాస్టరుగారు వాక్యం చదివారు, ప్రార్థించారు. అలవాటు కొద్దీ గిన్నె నా వైపు తిప్పి, "మొదట మీరు సార్" అన్నారు.

"ఆయనకు" అన్నాను. "అన్నకు" అనాలనుకున్నాను. నోరు ఆ మాట దాకా పోలేదు.

రొట్టె మింగలేడు. పాస్టరుగారు గిన్నె అతని పెదవులకు ఆనించారు. అతను ఒక గుక్క నోట్లో పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. గొంతు కదిలింది. మళ్లీ కదిలింది. లోపలికి పోలేదు. భార్య "మెల్లగా, మెల్లగా" అంటోంది. పెదవి మూల నుంచి ద్రాక్షరసం వెనక్కి వచ్చి, తెల్లటి గడ్డంలోంచి కమిలిన మెడ మీదికి కారింది. ఒక్క చుక్కైనా దిగిందో లేదో ఎవరికీ తెలియదు. పాస్టరుగారు నా వైపు చూశారు. నాకేం తెలుసు?

ఎడమచేతిలో పళ్లెం ఉంది. కుడిచేత్తో భుజం మీది తువ్వాలు తీసి అతని మెడ దగ్గరికి చాచాను. అతను కళ్లు తెరిచి, కష్టం మీద చేయి ఎత్తి నా మణికట్టు పట్టుకుని, గాలిగొంతుతో అన్నాడు.

"తుడవద్దప్పా. ఉండనీ."

పాస్టరుగారు గిన్నె నా వైపు చాచారు. అందుకోవడానికి నాకు చేయి ఖాళీ లేదు. అతను ఇంకా వదల్లేదు.