చచ్చిన సేనాపతి మళ్లీ పాడాడు

2022 వేసవి. ఒంగోలులో పద్య నాటకాల పోటీలు. మా చీరాల ట్రూపుకి నేను హార్మోనిస్టుని. నటుడి గొంతు నిలబడటానికి ఆధారమైన శ్రుతిని అందించేది మేమే. అతను రాగం ఎటు తిప్పితే మా వేళ్లు అటు పరిగెత్తాలి. పద్యం మధ్యలో హార్మోనియం పెట్టె మీంచి చెయ్యి తియ్యకూడదన్నది మా నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం.

ఇక మా వైపు జనం సంగతి. పద్యం నచ్చిందా, "వన్స్ మోర్!" అని కేక పడుతుంది. నటుడు మళ్లీ పాడాల్సిందే. చచ్చి పడిపోయినవాడైనా సరే, లేచి, దుమ్ము దులుపుకుని, పాడి, మళ్లీ చచ్చిపోతాడు. చిన్నప్పటి నుంచి చూస్తున్నాను, అది చూసి ఒక్కరు కూడా నవ్వలేదు.

ఆ పోటీల నిర్వాహకుడికి మాత్రం అది నామోషీ. నాటకానికి ముందే నన్ను పిలిచాడు.

"వన్స్ మోర్‌లు కుదరవు మేడమ్. శవం లేచి పాడటం ఏంటండీ, అసహ్యంగా! నేను బెల్లు కొట్టగానే హార్మోనియం ఆపెయ్యాలి. ఆపకపోతే మీ నాటకాన్ని పోటీలోంచి తీసేస్తాం."

"అలాగేనండీ" అన్నాను. రాజు వేషం వేసే మా ప్రసాదు ఆ ఏడు బహుమతి మీద బోలెడు ఆశ పెట్టుకున్నాడు మరి.

సేనాపతి వేషం సుభానీది. పర్చూరులో టైలరు. ఏళ్ల తరబడి నా శ్రుతి మీదే పాడుతున్నాడు. తెర వెనక తలపాగా చుట్టుకుంటూ మెల్లగా అన్నాడు.

"అక్కా, గొంతులో గడ్డకి వచ్చే వారం ఆపరేషను. పాట మళ్లీ వస్తుందని చెప్పలేనన్నాడు డాక్టరు. నాకిదే ఆఖరేమో."

"నోర్ముయ్‌రా, శుభమా అని నాటకం వేస్తుంటే ఆ మాటలేంటి!" అని కసిరాను. అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

నాటకంలో రాజు, శత్రుదేశపు పంటని తగలబెట్టమని సేనాపతిని ఆజ్ఞాపిస్తాడు. అతను ససేమిరా అంటాడు. రాజు బాణం వేస్తాడు. నేలకొరుగుతూ సేనాపతి పాడేదే ఆఖరి పద్యం. ఆ ఏడు నల్ల తామర పురుగు మా మిరప తోటల్ని తినేసింది. హాలు నిండా రైతులే. "పైరు" అన్న మాట మీద రాగం తీసి సుభానీ పడిపోయేసరికి ముందు వరసలో ఒక పెద్దాయన భోరుమన్నాడు. ఆ వెంటనే హాలంతా ఒకటే కేక: "వన్స్ మోర్!"

బెల్లు మోగింది. పడి ఉన్న సుభానీ ఒక కన్ను తెరిచి నావైపు చూశాడు. నేను ఆపితే వాడు లేవడు. వాయిస్తే ప్రసాదు బహుమతి గోవిందా. ప్రసాదు విల్లు పట్టుకుని, మొహం మాడ్చుకుని నిలబడ్డాడు. బెల్లు మళ్లీ మోగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ బెల్లేదో బడికి పోయి కొట్టుకోండి!" అని పైకే అనేసి శ్రుతి ఎత్తాను.

సుభానీ లేచాడు. మొదటిసారి కంటే ఒక మెట్టు పైన అందుకున్నాడు. నిర్వాహకుడు వింగులోంచి పరిగెత్తుకొచ్చాడు.

"ఆపండి మేడమ్!"

"పద్యం మధ్యలో పెట్టె మీద చెయ్యి వేశారంటే మర్యాద దక్కదు" అన్నాను. ఆయన వెనక్కి తగ్గాడు. పద్యం పూర్తయింది, సేనాపతి రెండోసారి చచ్చిపోయాడు. జనం మళ్లీ అడుగుతుండగా తెర దించేశారు.

మమ్మల్ని పోటీలోంచి తీసేశారు. ప్రసాదు చాన్నాళ్లు నాతో మాట్లాడలేదు, అతని కోపంలో న్యాయముంది. ఆపరేషను తర్వాత సుభానీకి మాట వచ్చింది. పాట రాలేదు.

మరుసటి ఏడు నిర్వాహకుడు కబురు చేశాడు. సభలో పొరపాటైందని ఒక్క మాట అంటే మళ్లీ వాయించనిస్తారట. వెళ్లాను. సుభానీ కూడా వచ్చి జనంలో కూర్చున్నాడు. శ్రుతి తప్పితే మా ట్రూపులో ఎవరినీ వదలను నేను, నియమమంటే నాకు అంత పట్టింపు. కానీ పాటని కాపాడే నియమం వేరు, పాట గొంతు నొక్కే నియమం వేరని ఆ బెల్లు మోగిన రోజే నాకు తెలిసింది. మైకు అందుకున్నాను.

"పోయినేడు నావల్ల పొరపాటు జరిగింది. జనం మూడోసారి కూడా అడిగారు. తెర దించారని వాయించడం ఆపేశాను. ఆపకుండా ఉండాల్సింది."