ముక్కాయన గుచ్చే చోటు

బజారులో ఆయన్ని అందరూ ముక్కాయన అంటారు. మొదట్లో మెచ్చుకోలుగానే అన్నారట. ఇప్పుడెందుకు అంటున్నారో ఆయనొక్కడికే తెలియదు. ఇంగువ టోకు కొట్టుకి యజమాని. సరుకు పరీక్షించడంలో తనంతటివాడు లేడని తనకు తానే బిరుదిచ్చుకున్న మనిషి. ఎదురుగా ఎవరు కూర్చున్నా దొరికాడు కదా అని మొదలుపెడతాడు. ఇంగువ మొక్క వేరు కోస్తే పాలు కారి విడివిడిగా గట్టిపడ్డ బొట్లు మొదటి రకం. ఆ బొట్లే ఒకదానికొకటి అంటుకుపోతే ముద్ద ఇంగువ, అది రెండో రకం. మట్టీ, వేరు పేళ్లూ కలిసిందైతే మూడోది. నీళ్లలో వేస్తే పాలలా కరిగేది తెల్ల ఇంగువ, నూనెలో తప్ప కరగనిది ఎర్ర ఇంగువ. ఇదంతా నిజమే. నోటితో చెప్పడానికి ఏం పోయింది! అసలు తంటా అంతా పరీక్ష దగ్గరే.

ఇంగువ మేకతోలు సంచుల్లో కుట్టి వస్తుంది. విప్పితే ఘాటు పోతుందని, బేరం తెగేదాకా ఎవరూ విప్పరు. గొట్టంలా బోలుగా ఉన్న ఇనప చువ్వని సంచిలో గుచ్చి లాగితే లోపలి సరుకు కాస్త బయటికొస్తుంది. ఎక్కడ గుచ్చాలన్నది కొనేవాడి ఇష్టం. మన మహానుభావుడు వయసులో ఉండగా ఒకసారి మూతి దగ్గర ఎడమ కుట్టు పక్కన గుచ్చాడు, మంచి బొట్లు వచ్చాయి. అంతే, ఆ చోటు ఆయనకి ఖాయమైపోయింది. అదంతా తన చేతి మహిమ అంటాడు. అమ్మేవాళ్లేమైనా నోట్లో వేలు పెడితే కొరకలేనివాళ్లా? ఆ కుట్టు పక్కన గుప్పెడు బొట్లు పెట్టి, మిగతా సంచి నిండా చెత్త కుక్కడం మొదలుపెట్టారు. ఈయన గుచ్చుతాడు, వాసన చూస్తాడు, కళ్లు మూస్తాడు. "మీ ముక్కుని మోసం చెయ్యడం మా వల్ల అవుతుందా అయ్యగారూ" అని వాళ్లు మునగచెట్టు ఎక్కిస్తారు. ఈయన చకచకా ఎక్కేస్తాడు. తీరా విప్పాక చెత్త బయటపడితే, ఈ ఏడు పంటే అలా ఉందంటాడు.

ఈ సంబడమంతా చూసి కడుపు రగిలిపోయేది పెద్దకూతురికి. కొట్టు వెనక గదిలో ఆడవాళ్ల చేత ఇంగువని గోధుమపిండి, తుమ్మజిగురుతో పిసికించి బిళ్లలు చేయించేది ఆమే. కలపని ఇంగువ ఘాటు ఎవరూ భరించలేరు, కలిపిందే వంటకి పనికొస్తుంది. కానీ కలపడానికి అసలంటూ ఉండాలి కదా. ముద్ద నానబెట్టి వడకడితే గుడ్డలో గులకరాళ్లు మిగులుతున్నాయి. మసాలా పొడుల కంపెనీవాళ్లు బిళ్లల్లో వాసనే లేదని తిప్పి పంపారు. ఇంకోసారి ఇలా జరిగితే మీ సరుకు మాకొద్దని తేల్చి చెప్పేశారు. ఆ కంపెనీ పోతే కొట్టు మూతే.

"నాన్నా, ఈసారి పక్కనెక్కడైనా గుచ్చండి," అంది కూతురు.

"నాకు నేర్పేదానివయ్యావా? నువ్వు పుట్టకముందు నుంచీ గుచ్చుతున్నాను."

"అదే నాన్నా నా ఏడుపు. అప్పట్నుంచీ ఒకే చోట గుచ్చుతున్నారు."

"అనుభవమంటే అదే," అని మీసం సవరించుకున్నాడు.

అనుభవమట! గానుగెద్దుకి కూడా అంతే అనుభవం ఉంటుంది.

కొత్త సరుకు బండి వచ్చేసరికి ఆయన లోపల భోంచేస్తున్నాడు. ఇదే అదనని కూతురు చువ్వ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. సరుకు తెచ్చిన దళారి ఆమెని చూశాడు, చువ్వని చూశాడు. మొహం మాడిపోయింది.

"పెద్దాయన లేరామ్మా?"

"నేనున్నాగా. దించండి."

"అబ్బే, ఆయన చెయ్యి పడందే మేం దించమమ్మా. మాకది పట్టింపు," అంటూనే బండి తిప్పమని సైగ చేశాడు.

ఆ మాట లోపలికి వినబడింది. ముక్కాయన ఎంగిలి చేత్తోనే బయటికొచ్చాడు. మొహం చాటంతైంది.

"విన్నావుటే? నేను ముట్టుకుంటే గానీ సరుకు దించరట. గౌరవమంటే అదీ."

"గౌరవం కాదు నాన్నా. మీరైతే వాళ్లకి రాళ్లు కూడా అమ్ముడుపోతాయి."

ఆయన ఆ మాట చెవిన పెడితేగా! చువ్వ లాక్కున్నాడు. దళారి ముందుకు జరిపి పట్టుకున్న సంచిలో, ఎడమ కుట్టు పక్కన కసుక్కున గుచ్చాడు. బొట్లు వచ్చాయి. కళ్లు మూసుకుని, "మొదటి రకం," అన్నాడు.

కూతురికి ఒళ్లు మండిపోయింది. ముద్దలు కోసే కత్తి తెచ్చి ఆ సంచిని అడ్డంగా చీల్చేసింది. మట్టిగడ్డలూ, వేరు ముక్కలూ, గులకరాళ్లూ వీధిలోకి దొర్లాయి. చుట్టుపక్కల కొట్లవాళ్లు గుమ్మాల్లోకి వచ్చి చూస్తున్నారు. దళారి తల వంచుకున్నాడు. ఆయన ఒక్క మాట అంటే చాలు, బండి అలాగే వెనక్కి పోతుంది, కొట్టు నిలబడుతుంది. కూతురు తండ్రి మొహంలోకే చూస్తోంది.

ఆయన కాలితో ఒక రాయిని పక్కకి నెట్టాడు. ఇంతమందిలో తప్పు ఒప్పుకుంటే ఇన్నేళ్ల పేరు ఏమైపోవాలి? కొట్టు పోతే పోనీ గానీ పేరు పోతుందా!

"దారిలో ఎవడో ఈ ఒక్క సంచీ మార్చేసినట్టున్నాడు," అన్నాడు గొంతు సవరించుకుని. "మిగతావి దించండి."

"చిత్తం," అన్నాడు దళారి.

కూతురు వెనక గదిలోకి వెళ్లింది. ఆడవాళ్లు మోచేతుల దాకా పిండితో కూర్చుని సరుకు కోసం ఎదురుచూస్తున్నారు.

"చేతులు కడుక్కోండి," అంది. "రేపట్నుంచి రానక్కర్లేదు."