‘పానం’ అని రాయాల్సింది

నేను యాభై నాలుగేళ్ల వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. హన్మకొండలో మా వాడ బడి వరండాలో మధ్యాహ్నం పూట ఒక సారు మా ఆడవాళ్లకు చెప్పేవాడు. అంతకుముందు ఎక్కడికి వెళ్లినా వేలిముద్రే. వేలికంటిన సిరాను గోడకు తుడుచుకుంటూ బయటికి రావడం నాకు చాలా చిన్నతనంగా ఉండేది.

ఒకరోజు సారు ఎవరికి తోచిన మాట వాళ్లను రాయమన్నాడు. జ్వరం నుంచి లేచి అప్పటికి వారమే అయింది. ‘పానం మంచిగ లేదు’ అని రాశాను. సారు ఎర్ర పెన్నుతో పానం కొట్టేసి పైన ప్రాణం అని రాశాడు. “పానమంటే తాగుడమ్మా. రాసేటప్పుడు ప్రాణం అని రాయాలె” అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి ప కింద ర వత్తు కుదిరేదాకా పేజీ నిండా దిద్దాను. ఆ తర్వాత ఎన్నడూ ఆ తప్పు రాయలేదు.

మా ఆయన అన్నగారి భార్య, మా యారాలు, నాలుగేళ్లుగా మా దగ్గరే ఉంటోంది. నేను అక్కా అంటాను, ఆమె చెల్లె అంటుంది. ములుగు అవతల అడవి పక్క ఊరు వాళ్లది. పిల్లలు లేరు. బావ చనిపోయిన ఏడాదే వానలకు ఇంటి గోడ కూలితే మేమే వెళ్లి తెచ్చుకున్నాం. వచ్చిన కొత్తలో పొద్దున్నే తలుపు తీసి గడపలో కూర్చునేది. “మీ వాడల ఎవ్వలూ ఊకె రారా?” అని అడిగేది. ఎవరొస్తారు? అందరూ పనులకు పోతారు.

వాళ్ల ఊళ్లో ఎవరికైనా పానం బాగా లేకపోతే చుట్టుపక్కల ఆడవాళ్లు తమ పని చేతపట్టుకుని వచ్చేవారు. ఒకరు చింతపండు, ఒకరు విస్తరాకులు కుట్టే మోదుగాకులు. పొద్దుగూకేదాకా అరుగు మీద కూర్చునేవారు. ఏమైందని ఎవరూ అడగరు. లేచేటప్పుడు మాత్రం “నిమ్మళమైందా?” అంటారు. “అయింది” అంటే వెళ్లిపోతారు, కాలేదంటే రేపు మళ్లీ వస్తారు. ఇది నా కళ్లతో చూసిందే. మా అత్త ఉన్నప్పుడు నేనూ అట్లా వెళ్లి కూర్చున్నాను.

పోయిన వానాకాలం ఒక కాలేజీ అమ్మాయి కాగితాల కట్టతో మా వాడకు వచ్చింది. మహిళల శ్రేయస్సు మీద సర్వే అట. “మీకు చదవడం వచ్చట కదమ్మా, కాస్త మీరే అడిగి రాస్తే వాళ్లు మనసు విప్పి చెప్తారు” అంది. నాకు ఒళ్లు పొంగింది. ఇస్త్రీ చీర కట్టుకుని బయలుదేరాను.

“శ్రేయస్సు అంటే ఏందే, వయస్సా?” అంది పక్కింటామె. “నా వయస్సు మా అమ్మకే ఎరుక. ఆమె పైకి పోయింది. ఆడికే పోయి అడుగు పో.”

“నవ్వకుండ్రి. గత రెండు వారాల్లో ఎన్ని రోజులు నిరాశగా అనిపించింది?”

“అబ్బో, మేడం వచ్చింది మేడం! మంచిగనే ఉన్నం రాస్కో.”

అందరూ అదే మాట. మంచిగనే ఉన్నం. ఉన్నాను అని ఒక్కరూ అనలేదు. నేను ఒక్క మనిషి సంగతి అడిగితే వాళ్లు ఇంటిల్లిపాది సంగతి చెప్పారు. ‘అస్సలు లేదు’ అన్న గడిలో టిక్కులు పెట్టుకుంటూ పోయాను.

చివరికి అక్క. చాటలో బియ్యం ఏరుతోంది.

“మంచిగనే ఉన్నం చెల్లె.”

“ఉన్నం కాదక్కా. నీ ఒక్కదాని సంగతి అడుగుతాన్రు.”

“నా ఒక్కదానిదేముంటదే?” అంది. రెండు రాళ్లు ఏరి పారేసి, “ఊరి మీదికే పానం పోతాంది” అంది.

దానికి ఏ గడీ లేదు. కింద ‘ఇతర వివరాలు’ అని చిన్న గీత ఉంది. నా అక్షరాలు లావు. మాటంతా ఆ గీత మీద పట్టదు. అసలు సంగతి రాస్తే చాలనుకున్నాను. సారు దిద్దింది గుర్తుంది కదా, ‘ప్రాణం పోతోంది’ అని రాసి కింద సంతకం పెట్టాను. వత్తు చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

మూడో రోజు ఆ అమ్మాయి ఇద్దరు ఆరోగ్య కార్యకర్తలతో ఆటోలో దిగింది. వాడంతా మా గుమ్మం ముందు పోగైంది. “పెద్దమ్మా, మీకు చనిపోవాలని అనిపిస్తోందా?” అని మెల్లగా అడిగింది.

అక్క నా వైపు చూసింది. “నేనెప్పుడన్ననే?”

నేను అప్పుడే చెప్పాల్సింది. కానీ ఆ అమ్మాయి చేతిలో నా సంతకమున్న కాగితం ఉంది. తప్పు రాశానని అంతమందిలో ఒప్పుకోవడానికి నోరు రాలేదు. “జర దవాఖానల చూపిచ్చుకుంటే ఏమైతదక్కా?” అన్నాను.

దవాఖానలో మందులిచ్చారు. అక్క పగలంతా పడుకోవడం మొదలుపెట్టింది. చాటలో బియ్యం అట్లాగే ఉండేవి. పక్కింటామె మా ఇంటి ముందుకు రాగానే గొంతు తగ్గించి మాట్లాడేది. “నా మీద ఏం రాసినవే?” అని అక్క ఒకసారి అడిగింది. నేను చెప్పలేదు. ఆ రోజు నుంచి నాతో మాట మానేసింది.

రెండోసారి వెళ్లినప్పుడు అక్కను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, లోపల డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. చిన్న వయసు పిల్ల, వేరే జిల్లా ఆమె.

“పానం అంటే ప్రాణం కాదా అమ్మా?”

“పానం పోతే మనిషి సావదు డాక్టరమ్మా. పానం ఊరికి పోతది. మనిషి ఈడనే ఉంటది.”

ఆమె రాయడం ఆపింది. “అదీ ఒక జబ్బే కావచ్చు కదమ్మా” అంది. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది. మాత్ర సగానికి తగ్గించింది. అంతకుముందు అక్కకు నిద్ర పట్టేది కాదన్నదీ నిజమే. ఆ మాత్ర లేకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. తెలిసిందొక్కటే. నాలుగేళ్లలో నేను ఆమెను ఎలా ఉన్నావని ఎన్నోసార్లు అడిగాను, పక్కన మాత్రం కూర్చోలేదు.

పోయిన వారం ఎండిన మోదుగాకుల కట్ట ఒకటి కొనుక్కొచ్చాను. తడిపి, గడపలో అక్క పక్కన కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. నాకు ఆ పని ఎన్నడూ సరిగ్గా రాలేదు. పుల్ల గుచ్చితే ఆకు చీలిపోతుంది. మొదటి రోజు ఆమె చూడనేలేదు. రెండో రోజు చూసింది. మూడో రోజు నా చేతిలోని ఆకు లాక్కుని, “గట్ల కాదు” అంది.

ఇద్దరం రెండు విస్తర్లు కుట్టాం. అప్పుడు తలెత్తకుండానే అంది. “ఆ కాయిదంల ఏం రాసినవో సదువు.”

‘ప్రాణం పోతోంది’ అని రాసిన సంగతి చెప్పాను. తర్వాత నోటుబుక్కు తెచ్చి, ‘ఊరి మీదికే పానం పోతాంది’ అని పేజీ అడ్డంగా రాశాను. ఏ వత్తూ పెట్టలేదు. ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి చదివి వినిపించాను.

“గదే అన్న నేను” అంది అక్క. “మరి గప్పుడు గిట్లెందుకు రాయలే?”

ఆకు చేతిలో అట్లాగే పట్టుకుని నా ముఖం వైపే చూస్తోంది.