గోరువెచ్చని పెళ్లిచూపులు

ఇంట్లో ల్యాండ్‌ఫోను ఉన్నవాడు గొప్పవాడిగా చలామణీ అయ్యే ఆ రోజుల్లో, నేను సోంపేట నుంచి రోజూ బస్సెక్కి టెక్కలి వెళ్లి ఓ ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ణి. నా మీద నాకు అపారమైన గౌరవం. ఆ గౌరవానికి దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పడానికి ఇప్పటికీ మొహమాటమే. రోడ్డు మీది గుంతలు, పలాస బస్టాండులో మిరపకాయ బజ్జీలు కలిసి నన్ను కుర్చీకి దూరం చేశాయి. పాఠం చెప్తూ క్షణమైనా కూర్చోరు, ఎంత శ్రద్ధో అని పిల్లలు మెచ్చుకునేవారు. (శ్రద్ధే మరి!)

పలాసలో డాక్టరుగారు చూసి, చిన్న చీలికేనని, రోజూ టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసుకుని కూర్చోమన్నారు. ఎవరికీ చెప్పొద్దని అమ్మని బతిమాలాను. "నానెందుకు సెప్తాన్రా!" అని నొచ్చుకుంది. ఆవిడ ఎంత గుట్టుగా ఉంచిందంటే, మర్నాటికి మా వీధికీ పక్క వీధికీ తప్ప ఇంకెవరికీ తెలీదు. ఎదురింటి పిన్ని వేపాకులు తెచ్చిచ్చింది.

ఆ ఆదివారం పెరట్లో, కొబ్బరాకుల తడిక వెనక, అమ్మ బట్టలుతికే నీలం టబ్బులో నేను కొలువుదీరి ఉండగా, మావయ్య చెప్పాపెట్టకుండా బారువ నుంచి ఓ హెడ్మాస్టరుగారిని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్లమ్మాయిని రోజూ బస్సులో చూసి, మాట కదపమని మావయ్య కాళ్లావేళ్లా పడింది నేనే. ఆయన ఇవాళే వస్తారని నాకేం తెలుసు?

"అబ్బాయి ఏడండీ?" అన్నారాయన.

"తానం సేత్తన్నాడండి" అంది అమ్మ.

టీలు అయ్యాయి. జీడిపప్పు పకోడీలు కూడా అయ్యాయి.

"ఇంకా తానవేనా?"

"మావోడికి సుబ్రం ఎక్కువండి!"

సరిగ్గా అప్పుడే వీధి చివరి ముసలమ్మ గుమ్మంలోంచి కేకేసింది. "ఏటమ్మా, మీవోడు టబ్బులో కూకున్నాడా? మంట తగ్గిందేటి?"

కుర్చీ జరిగిన చప్పుడైంది. సంబంధం పోయిందని టబ్బులోనే నీరుగారిపోయాను. అడుగుల చప్పుడు పెరట్లోకొచ్చి, తడిక దగ్గర ఆగి, దగ్గింది.

"బాబూ, నీళ్లు సల్లారిపోనాయా?"

"కొంచెం... అండీ."

"సల్లారితే పని సెయ్యవు. మరీ యేడి కూడా ఒద్దు, కాల్తాది. లేచినాక తువ్వాలుతో రుద్దీకు, మెల్లగా అద్దుకో. నానూ కూకున్నాను బాబూ, నాకు తెల్దా ఆ బాధ!" తర్వాత గొంతు పెంచి, "అమ్మా, ఓ సెంబుడు యేన్నీళ్లు ఇలాగివ్వండి" అన్నారు.

తడిక మీంచి ఓ చెయ్యి, చేతిలో పొగలు కక్కే చెంబు. మావగారిని నేను మొదటిసారి చూసింది అంతవరకే. నేను చెంబు అందుకున్నాక ఆయన గొంతు తగ్గించి, "మా అమ్మాయి కూరల్లో కారం తక్కువే ఏత్తాది" అని వెళ్లిపోయారు. ఒప్పుకున్నట్టేనని అర్థం కావడానికి లెక్కల మాస్టారికి సాయంత్రం దాకా పట్టింది.

"మా నాన్న మిమ్మల్ని సూడకుండానే ఒప్పీసుకున్నారు" అని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. చూసి ఉంటే ఒప్పుకునేవారు కారేమోనని నా అనుమానం. అడిగి నవ్వుకుందామంటే, ఆయన ఇప్పుడు లేరు.