మూడు వేళ్ల ఇటుక

నిన్న వన్ టౌన్‌లో గుల్లసున్నం కోసం నాలుగు కొట్లు తిరిగాను. మూడు కొట్లలో "ఇంకా సున్నమేంటండీ, పెయింటు తీసుకెళ్లండి" అని నవ్వారు. నాలుగో కొట్టాయన మూలనున్న సంచి దులిపి కిలో కట్టిచ్చాడు. బెంజ్ సర్కిల్ దగ్గరి మా ఫ్లాటు బాల్కనీలో, పాత బకెట్లో వేసి నీళ్లు పోయగానే అది బుసబుసా పొంగి, ముక్కుపుటాలు మండించే ఆ వేడి వాసన లేచింది. ఆ వాసన తగిలితే చాలు, నాకు తొమ్మిదేళ్లే. పక్కన మా నాయనమ్మ మార్తమ్మ కొంగు బిగించి నిలబడి ఉంటుంది.

మాది ఉయ్యూరు. చెరుకు బళ్ల రాకపోకలు తగ్గి, ఎండలు ముదిరి, ముంజలు దిగే రోజుల్లో మాకు ఈస్టరు వచ్చేది. శనివారం సమాధులన్నిటికీ సున్నం వేసేవాళ్లం. ఆదివారం తెల్లవారక ముందే వాటి మీద బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, గొంతులు బొంగురుపోయేదాకా పాటలు పాడి, మధ్యాహ్నం గారెలూ కోడికూరా కడుపు పట్టనంత తినేవాళ్లం. మిగిలిన సున్నం మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. నాయనమ్మ దాన్ని పాలడబ్బాలో పోసి, పైన గుడ్డ కట్టి దాచేది. సోమవారం ఆ డబ్బాతో బందరు కోటకు వెళ్లడం మా ఇంటి ఆనవాయితీ.

బందరులో బస్సు దిగి, లడ్డూ కొనిపించుకుని, రిక్షా ఎక్కితే, దారి పొడుగునా ఉప్పుగాలి, మడచెట్లు, కాలు పెడితే మోకాలిదాకా దిగే బురద. ఆ దిక్కుమాలిన తీరాన, తుమ్మకంపల మధ్య, పైకప్పులు కూలి, గోడలు మాత్రం మొండిగా నిలబడ్డ కోట అది. పిల్లలం ఆ గోడల చాటున దాగుడుమూతలు ఆడి, ఎండిన పీతడొప్పలు ఏరుకుని, పులిహోరలో ఇసుక కరకరలాడుతున్నా వదలకుండా తినేవాళ్లం. నాయనమ్మకు ఇవేవీ పట్టేవి కావు. నేరుగా లోపలి గుమ్మం దగ్గరికి వెళ్లి, ఎడమవైపు, అప్పటి నా గడ్డం ఎత్తున ఉన్న ఒక ఇటుక ముందు నిలబడేది. పచ్చిగా ఉన్నప్పుడు ఎవరో పట్టుకుంటే పడ్డ మూడు వేళ్ల గుర్తులున్నాయి దాని మీద. తన పెద్దలు ఈ కోటకు ఇటుకలు కోసినవాళ్లని ఆమెకు వాళ్ల తాత చెప్పాడట. కోట కట్టించిన డచ్చి దొరల సమాధులు బందరులోనే ఉన్నాయి, రాళ్ల మీద పేర్లు చెక్కి మరీ. మావాళ్లను ఎక్కడ పాతారో ఎవరికీ తెలియదు. అందుకే ఆ ఇటుకే వాళ్ల సమాధి అనుకుని, ఏటా దానికి సున్నం పూసేది.

ఆ ఏడు వాచ్‌మన్ చూశాడు. కర్ర ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమ్మా, గోడకి సున్నం పూస్తున్నావేంటి? ఇది గవర్నమెంటుది. డచ్చోళ్లు కట్టిన కోట. బోర్డు కనపళ్లేదా?"

అతను డబ్బా లాక్కోబోయాడు. అది పోతే ఆ ఏడు మావాళ్లకు పండగ లేనట్టే. నాకు ఏడుపొచ్చింది. నాయనమ్మ డబ్బా వదల్లేదు.

"ఓడలో మట్టి తెచ్చుకున్నారా బాబూ మీ డచ్చోళ్లు? ఈ వేళ్లు ఏ దొరవో చెప్పు!"

నా చెయ్యి పట్టుకుని ఆ గుర్తుల్లో పెట్టింది. ఇటుక చల్లగా ఉంది. నా మూడు వేళ్లూ వాటిలో సరిగ్గా ఇమిడిపోయాయి. ఆ ఇటుక పట్టుకున్నది నా ఈడు పిల్ల అని అప్పుడు తెలిసింది నాకు. అతనూ చూశాడు. కర్ర దించేశాడు.

"త్వరగా కానివ్వండి మామ్మగారూ, ఎవరైనా వస్తే నా ఉద్యోగం పోద్ది" అన్నాడు.

నాయనమ్మ తొందరపడలేదు. మూడుసార్లు పూసింది.

ఆమె పోయి చాలా ఏళ్లయింది. రిక్షాలు పోయాయి, మా ఊరి సమాధుల మీదికి టైల్స్ వచ్చాయి, సున్నం డబ్బా మోసే మనిషి మా ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. పోయిన ఈస్టరుకి మా అమ్మాయిని తీసుకుని కోటకు వెళితే, గోడకు రిపేరు చేసి గుమ్మం చుట్టూ నున్నగా సిమెంటు పూసేశారు. ఇటుక లేదు. బయట కొత్త బోర్డు ఉంది. దాని నిండా దొరలే. ఆ సిమెంటు మీద పూసే ధైర్యం చాలక డబ్బా అలాగే వెనక్కి తెచ్చాను. ఆ పిరికితనానికి ఏడాదంతా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

బకెట్లో సున్నం చల్లారింది. రేపు సోమవారం. పాత కట్టడాల మీద చెయ్యి వేయకూడదని చట్టం ఉంది, తెలుసు. సిమెంటు పూసినవాళ్లకు లేని చట్టం నాకే ఉందా? గుమ్మానికి ఎడమవైపు, తొమ్మిదేళ్ల పిల్ల గడ్డం ఎత్తున. కళ్లు మూసుకున్నా నా చెయ్యి అక్కడికే పోతుంది.

"వాచ్‌మన్ తిడితే ఏం చేస్తావమ్మా?" అంది మా అమ్మాయి, డబ్బాకు గుడ్డ కడుతూ. దానికి తొమ్మిదేళ్లు.

"తిట్టనీవే. మట్టి ఎక్కడిదని నువ్వే అడుగు."