బియ్యప్పిండి తిన్న గొర్రెపిల్ల

నా చిన్నప్పుడు నాకున్నంత కుళ్ళు మా నాగాయలంక చుట్టుపక్కల ఇంకెవరికీ ఉండేది కాదనుకుంటాను. ఇప్పుడు మనవలు నన్ను శాంతమూర్తి అంటారు. అననీండి, నాకేం నష్టం!

వేసవిలో మినుము పీకిన చేలల్లోకి గొర్రెల మందలు వచ్చేవి. మంద పడుకున్న చేనికి వేరే ఎరువు అక్కర్లేదని మా నాన్న ఏటా పిలిపించేవారు. ఆ ఏడు మంద తోలుకొచ్చిన తాత, మిగతావాటితో నడవలేకపోతున్న రెండు బక్కపిల్లల్ని మా వీధిలో వదిలాడు. తాను తిరిగొచ్చేదాకా సాకమని ఒకటి నాకిచ్చాడు, ఒకటి పక్కింటి అక్కకి. నాకు పదేళ్ళు, అక్కకి పద్దెనిమిది.

నెల తిరక్కుండానే అక్క పిల్ల నున్నగా, బొద్దుగా తయారైంది. నాది మాత్రం ఎముకలు లెక్కపెట్టుకునేలాగే ఉంది. మా నాన్నమ్మ ఊరుకుంటుందా? "అక్కని చూసి నేర్చుకోవే" అని రోజూ అదే పాట. నాకు ఒళ్ళు మండిపోయేది. పొడుగు జడ అక్కదే, మంచి గొంతు అక్కదే, వీధిలో పేరంతా అక్క పులిహోరదే. ఇప్పుడు గొర్రెపిల్ల కూడానా!

ఏం పెడుతున్నావని వెళ్ళి అడగొచ్చు. కానీ అడగడమా, నేనా? కంచె సందులోంచి చూశాను. అక్క గుప్పెడు తవుడులో ఏదో తెల్లపొడి కలుపుతోంది. ఇంకేముంది, బియ్యప్పిండి అని తేల్చేసుకున్నాను. వరి పండే ఊళ్ళో పుట్టినదాన్ని, బలమంటే బియ్యమే నాకు. జ్వరమొచ్చి లేచినవాళ్ళకి జావ, పసిబిడ్డకి మెత్తటి అన్నం, గొర్రెపిల్లకి మాత్రం వేరే ఏముంటుంది?

మర్నాడు పొద్దున్నే నాన్నమ్మ చెక్కల కోసం పట్టించి ఉంచిన పిండిలోంచి రెండు గిన్నెలు దొంగిలించాను. అందులో నూకలు, రాత్రి మిగిలిన అన్నం కలిపి పెట్టాను. అది ఎగబడి తింది. ఇక అక్క పని అయిపోయిందనుకుని తెగ మురిసిపోయాను.

మధ్యాహ్నానికి పిల్ల నెమరు వేయడం మానేసింది. ఎడమ డొక్క ఉబ్బి బిర్రబిగిసింది. పళ్ళు కొరుకుతూ మూలిగి, కాళ్ళు చాపేసింది. నాన్న చేలో ఉన్నారు, నాన్నమ్మ నిద్రపోతోంది. చచ్చిపోతుందని తెలిసిపోయింది నాకు. అయినా అక్క ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. పిల్ల మెడ వాల్చాక గానీ పరుగెత్తలేదు. అంత పంతం నాది!

నువ్వు కలపడం చూసి బియ్యప్పిండి పెట్టానని చెప్పగానే అక్క నా వెనకే మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. తినే సోడా నీళ్ళలో కలిపి, పొలమారకుండా మూతి పక్కనుంచి కొద్దికొద్దిగా పట్టించింది. ముందుకాళ్ళు అరుగు మీదికెత్తించి డొక్క నిమురుతూ కూర్చుంది. చాలాసేపటికి పిల్ల పుల్లటి త్రేన్పు ఒకటి తీసింది. దాని వెనకే ఇంకోటి. నాకు ఏడుపు ఆగలేదు.

"నేను కలిపింది పిండి కాదే పిచ్చిమొహమా, ఈ సోడానే. అదీ చిటికెడు. ముందు గడ్డి కడుపునిండా మేశాకే తవుడు పెడతాను. మొదట్లో నాలుగు వేళ్ళకి వచ్చినంతే పెట్టి, రోజులు గడిచేకొద్దీ పెంచాను. కొత్త తిండి దాని పొట్టకి అలవాటు పడొద్దూ? అడిగితే చెప్పేదాన్ని కదా" అంది.

ఇంతలో నాన్నమ్మ లేచి, పిండి ఏదని కేకలేసింది. అక్క నా వైపు చూడనైనా చూడకుండా, "నేనే తీసుకెళ్ళాను మామ్మగారూ, చెప్పడం మర్చిపోయాను" అంది. నాన్నమ్మ అక్కని చెడామడా తిట్టింది. అక్క అలా తిట్లు తినాలని ఎన్నాళ్ళనుంచో మొక్కుకుంటున్నదాన్ని నేను. తీరా చెవినపడితే సిగ్గుతో తల వాలిపోయింది. నోరు విప్పి నిజం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పిల్ల బతికింది. గడ్డితో, చిటికెడు తవుడుతో మళ్ళీ మొదలుపెట్టాం. తాత తిరిగొచ్చేసరికి కూడా అది అక్క పిల్లకంటే చిన్నదే. నాకప్పుడూ కుళ్ళే!

ఆ గుణం నాలోంచి పోయిందని అబద్ధం చెప్పను. ఇవాళ్టికీ ఎవరి పెరట్లో బీరపాదు నాదానికంటే బాగా కాసినా నాకు ముద్ద దిగదు. కాకపోతే చెప్పులేసుకుని వెళ్ళి, "ఏం వేశారండీ?" అని అడిగేస్తాను. అడగడం నాకు ఇప్పటికీ చిన్నతనంగానే ఉంటుంది. అయినా అడుగుతాను. ఆ రోజు నా పంతానికి చావబోయింది నేను కాదు, నోరులేని ఆ పిల్ల.