యారాలి చల్లగోడ

మా ఇల్లు ఒకటే, వాకిళ్లు రెండు. ఇటు నేను, అటు మా మరిది, అతని భార్య. ఆమె నాకు యారాలు. ముందరి గోడ పడమటికి ఉంటుంది. నల్గొండ ఎండ మధ్యాహ్నం ఎక్కిందంటే పొద్దుగూకేదాకా దాని మీద నుంచి దిగదు. ఆ గోడకు ఈ మూల నుంచి ఆ మూల దాకా పచ్చ ఆయిల్ పెయింటు వేసింది నా పెనిమిటి. నా పెళ్లికి కాదు, ఆమె పెళ్లికి. నేను కాపురానికి వచ్చిననాడు దానికి సున్నం కూడా లేదు. ఆయన పోయి ఏండ్లు గడిచినా నాకు ఆ కడుపుమంట పోలేదు.

మొన్నటి ఎండాకాలం మరిది తన సగానికి బయటి నుంచి థర్మాకోల్ పలకలు అంటించి, వాటి మీద తీగల జాలీ కొట్టి, సిమెంటు పూయించాడు. వేడి లోపలికి రాదట. నిజంగానే రాలేదు. పట్నంలో పనికి పోయే నా బిడ్డ తన కూతుర్ని నా దగ్గరే ఉంచింది. ఐదేళ్లది. ఆ పిల్ల నా చేత అన్నం తిని, చాప చంకన పెట్టుకుని అటు గడప తొక్కేది.

"ఏడికే?"

"చిన్నమ్మమ్మ తాన సల్లగున్నది. నీ అర్ర పొయ్యి లెక్కున్నది."

ఇవతల నేను విసనకర్ర ఊపుకుంటుంటే, అవతల ఆమె నా పిల్లను జోకొట్టే చప్పుడు వినబడేది. మొగుడున్నాడు, చల్లని అర్ర ఉంది, నా మనవరాలు కూడా కావాలా ఆమెకు?

మరిదిని అడగలేదు. అడిగితే చేయించేవాడే, అది నాకు ఇంకా కష్టం. నా సగానికి పలకలు నేనే తెప్పించాను. మేస్త్రీ తెల్లారి వస్తానన్నాడు, నేను ఆగలేకపోయాను. పాత రంగు మీద పలక అంటదేమోనని కొడవలితో గోకడం మొదలుపెట్టాను. పచ్చ దుమ్ము లేచింది. మనవరాలు రాలిన పెచ్చులను చిలక ఈకలంటూ ఒళ్లో పోసుకుంటోంది.

యారాలు ఉరికొచ్చింది.

"అక్కా, గోకకు! పాత రంగుల సీసం ఉంటదంట. ఆ దుమ్ము పిల్లకు మంచిది గాదు."

నాకది సీస అని వినబడింది. మా దగ్గర సీస అంటే కల్లు పోసే గాజు సీస. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"నీ బావ సీసలు పలగ్గొట్టి రంగుల కలిపిండా? పతంగి మాంజా అనుకున్నవా? నా అర్ర సల్లబడితే పిల్ల నీ తాన పండదని గద నీ ఏడ్పు!"

ఎదురింటి ముసలాయన అరుగు మీద పకపకా నవ్వాడు.

"సీస గాదక్కా, సీసం! వలకు గుండ్లు కడ్తరు సూడు, గది. అప్పట్ల రంగుల కలిపెటోళ్లంట. పిల్లల కడుపుల వడితే బుద్ధి మందమైతదంట. మాది గందుకే గోకకుంట పైనుంచే పలకలు కొట్టిచ్చినం."

"వలగుండ్లు గోడకేం పనే?" అంటూనే మనవరాలి వైపు చూశాను. దాని పెదవి మీద పచ్చ పెచ్చు. కొడవలి కింద పడింది. నేను లేచేలోపే యారాలు పిల్లను ఎత్తుకుపోయి తన నల్లా కింద నోరు, చేతులు కడిగింది. అది ఆమె మెడ గట్టిగా పట్టుకుంది. నాకు భయమే ఎక్కువైందో, ఆ మెడను చూసిన మంటే ఎక్కువైందో చెప్పలేను.

దవాఖానలో రక్తం తీసి చూసి, ఫికర్ లేదన్నారు. ఇంటికొచ్చి ఇద్దరం నీళ్లు చల్లి, తడిబట్టతో దుమ్మంతా ఎత్తి, పెచ్చులు సంచిలో కట్టాం. మేస్త్రీ మిగిలిన రంగు కదపకుండా పలకలు అంటించి సిమెంటు పూశాడు. నా పెనిమిటి రంగు మొత్తం లోపల పడిపోయింది. ఆమె తలుపు పక్కన మాత్రం అరచేయి వెడల్పు పచ్చ ఇంకా బయటే ఉంది. నా దిక్కు అదీ లేదు.

సిమెంటు ఆరాక ఒక మధ్యాహ్నం మనవరాలు చాప తెచ్చి నా అర్రలో పరిచి, చెంప గోడకు ఆనించింది.

"ఎవల గోడ సల్లగున్నదే?"

"రెండు ఒక్కతీర్గనే ఉన్నయి, అమ్మమ్మా."

"జర మంచిగ సూడు," అన్నాను.